సూరిబాబు మావయ్య రెండో టర్మ్‌లో పోయాడు

స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష ఓడల సీరియల్ చూసినవాళ్ళకి ఫేజర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళకి, అదో కిరణాల తుపాకీ. గట్టిగా పెట్టి పేలిస్తే మనిషి ఆవిరైపోతాడు, తద్దినానికి బూడిద కూడా మిగలదు. ఆ కథ పెట్టుకుని మేం ఆడే ఆటలో మా చంటిగాడి కెప్టెన్ మాత్రం దాన్ని ఎదురు రొమ్మున తిని, చొక్కా దులుపుకుని, “ఊఁ, తర్వాత?” అన్నాడు. వాడు ఆడుతున్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్సుతో. 1974లో వచ్చిన ఆ ఆటని కత్తులకీ రాక్షసులకీ కొలిచి కుట్టారు. లెవెల్ పెరిగేకొద్దీ హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే శక్తి, పెరుగుతాయి. పదో లెవెల్ వాడికి ఫేజర్ దెబ్బ దోమకాటుతో సమానం. మా కాలవగట్టు దోమకైతే వాడు అరగంట గోక్కుంటాడు.

“ఇలా లాభం లేదు, సిస్టమ్ మార్చేద్దాం” అన్నాడు కథ నడిపే మా అన్నయ్య. ఈ ఆటల్లో ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు తలో పాత్ర పట్టుకుంటారు, ఎక్కడ అనుమానం వచ్చినా పాచికలు తేలుస్తాయి. అంతకుమించి ఏమీ లేదు గానీ, రూల్సు మార్చడం మాత్రం ఇల్లు మారడం కన్నా కష్టం.

అన్నయ్య ఎంచుకున్నది ట్రావెలర్ అనే అంతరిక్షపు ఆట. 1977 నాటిది. ఇరవై ముఖాల పాచికలతో పనిలేదు, లూడో పెట్టెలో ఉండే మామూలు పాచికలు రెండుంటే చాలు. దెబ్బ తగిలితే బలం, చురుకుదనం, ఓర్పు వీటిలోంచే తరుగుతుంది, కాబట్టి కెప్టెనైనా కళాసీ అయినా తుపాకీ అంటే భయపడి తీరాలి. బాగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది అసలు పేచీ.

స్టార్ ట్రెక్‌లో మనుషులు ఓడలో మాయమై గ్రహం మీద తేలతారు. 1966లో సీరియల్ తీసినవాళ్ళకి వారంవారం ఓడ దిగడం చూపించే బడ్జెట్ లేక ఆ ఉపాయం పట్టారు. ట్రావెలర్‌లో ఆ మాయ లేదు, చిన్న పడవేసుకుని దిగాల్సిందే. “కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడే బతుకులే మనవి. ఆకాశంలో కూడా రేవేనా?” అన్నాడు చంటి. పైగా ఇందులో జంప్ చేస్తే, అంటే ఓడ ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి గెంతితే, దగ్గరకైనా దూరానికైనా ఇంచుమించు వారం పడుతుంది. కబురు కూడా ఓడలోనే వెళ్ళాలి. కెప్టెన్ హెడ్డాఫీసుకి ఫోన్ చేద్దామంటే కుదరదు. నన్నడిగితే అదే మేలు. హెడ్డాఫీసు నుంచి ఫోన్ రాని ఉద్యోగం ఎవరికి చేదు?

సరే, మాయ ఉంచి జంప్ తీసేద్దామని రాజీపడ్డాం. స్టార్ ట్రెక్ ఓడల దళమైన స్టార్‌ఫ్లీట్‌కి ట్రావెలర్లో ఉన్న నేవీని వాడుకుందామని ఒప్పుకున్నాం. ఇక పాత్రలు తయారు చేసుకోవాలి.

పాత ట్రావెలర్ గొప్పంతా ఇక్కడే ఉంది. మీ పాత్ర పద్దెనిమిదో ఏట సర్వీసులో చేరుతుంది. నాలుగేళ్ళకి ఒక టర్మ్. టర్మ్‌కోసారి బతికాడా లేదా అని పాచికలు వెయ్యాలి. నేవీలో రెండు పాచికలూ కలిపి ఐదుకి తగ్గకూడదు. ముప్పై ఆరింటిలో ఆరు సార్లు తగ్గుతుంది, అంటే ఆరుగురిలో ఒకడు ఔట్. తెలివి ఏడో ఆపైనో ఉంటే రెండు కలుపుకోవచ్చు. తగ్గితే మనిషి పోతాడు, ఆట మొదలవకముందే.

హైదరాబాద్‌లో ఉన్న మా బుజ్జిగాడు ఫోన్‌లో ఆడుతున్నాడు. తన పాత్రకి మా సూరిబాబు మావయ్య పేరు పెట్టుకున్నాడు. మావయ్య నిజంగానే షిప్పు మీద ఇంజనీరు. పాత్రకి తెలివి ఆరు పడింది. మొదటి టర్మ్ గట్టెక్కింది. రెండో టర్మ్‌కి నాలుగు పడింది.

అప్పుడే కరెంటు పోయింది. అందరం అరుగు మీదకి వచ్చాం. సిగ్నల్ సరిగా లేక అన్నయ్య ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వీధంతా వినపడేలా అరిచాడు.

“పోయాడ్రా! సూరిబాబు మావయ్య పోయాడు! ఆఁ... నేవీలోనే! ఏం చేస్తాం, మన చేతుల్లో లేదుగా!”

నాలుగు పడిందన్న ముక్క మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు.

పక్కింటి సత్యవతి అత్తయ్య చేతిలో బిందె అక్కడే వదిలేసింది. పది నిమిషాల్లో అరుగు కింద చెప్పులు బారులు తీరాయి. “బాడీ ఎప్పుడొస్తుందండీ?” అని ఒకరు, “కంపెనీవాళ్ళు ఏమన్నా ఇస్తారాండీ?” అని ఇంకొకరు. మేం “ఆట అండీ, ఆట” అంటుంటే, “అంతేనమ్మా, అంతా ఆయనాడించే ఆటే” అని ఓ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఎవరో పుణ్యాత్ముడు టెంటు హౌసుకి ఫోన్ కూడా చేసేశాడు. మా ఊళ్ళో పెళ్ళికి రమ్మంటే ముహూర్తం దాటాక వచ్చే ఆ ఆటో, ఆ రోజు యాభై కుర్చీలతో పావుగంటలో వాలింది.

గుళ్ళోంచి వచ్చిన అమ్మమ్మ గుమ్మంలో జనాన్ని చూసి కూలబడబోయింది. ఈలోగా చంటి విశాఖపట్నంలో అత్తయ్యకి ఫోన్ కలిపాడు. “ఇప్పుడే వీడియో కాల్‌లో మాట్లాడాను. షిప్పులో ఆవకాయ అయిపోయిందని గోల పెడుతున్నారు” అంది అత్తయ్య. సత్యవతి అత్తయ్య ఆ ఆవకాయ ముక్క రెండుసార్లు చెప్పించుకుని గానీ నమ్మలేదు.

కాసేపటికి మావయ్యే ఫోన్ చేశాడు. పోయినందుకు ఆయనేమీ అనుకోలేదు. “తెలివి ఆరేంట్రా? ఎవడేశాడు?” అని మాత్రం నిలదీశాడు. ఏడుంటే రెండు కలిసేవనీ, అప్పుడు బతికేవాడివనీ బుజ్జిగాడు చెప్పాక ఇంకా మండిపోయాడు.

వచ్చినవాళ్ళు ఊరికే వెళ్ళలేదు. కుర్చీలు ఎలాగూ ఉన్నాయి. అమ్మమ్మ అందరికీ టీ పెట్టించి మాకు తీర్పు చెప్పింది. “బతికున్నవాళ్ళ పేర్లు పెట్టకండి. పోయినవాళ్ళ పేరు పెట్టుకోండి. మళ్ళీ పోయినా బెంగ లేదు.”

అలా తాతయ్య దిగాడు. బతికుండగా రావులపాలెం వంతెన దాటడానికి వర్జ్యం చూసుకునే మనిషి, మర్చంట్స్‌లో, అంటే వ్యాపార ఓడల సర్వీసులో, చేరి ఐదు టర్ములు దులిపేశాడు, కెప్టెన్ కూడా అయ్యాడు. అరుగు కింద జనం పాచిక పడ్డప్పుడల్లా “వెయ్, వెయ్” అని కోడిపందెంలా అరుస్తున్నారు. రిటైరయ్యేటప్పుడు ఏం దక్కుతుందో తేల్చే పాచికకి ఆరు పడింది, హోదాకి ఒకటి కలిపితే ఏడు. తాతయ్యకి ఏకంగా ఓడే వచ్చింది. చప్పట్లు.

“ఓడ మీద అప్పుంటుంది” అన్నాడు అన్నయ్య పుస్తకం చూస్తూ. “ఓడ ధరలో 240వ వంతు, నెలనెలా. 480 నెలలు.”

“నలభై ఏళ్ళు! అంటే అసలుకి రెట్టింపు” అన్నారు సొసైటీ బ్యాంకులో పనిచేసి రిటైరైన ఎదురింటాయన, కాగితం లేకుండానే.

“స్టార్ ట్రెక్‌లో డబ్బుండదు కదరా, అప్పేమిటి?” అని చంటి మొత్తుకున్నాడు. 1987లో మొదలైన నెక్స్ట్ జనరేషన్‌లో మనుషులు డబ్బు యావ వదిలేశారు, నిజమే. అడిగితే అన్నం పెట్టే మిషను కూడా గోడకే ఉంటుంది. అన్నయ్య ఏదో సర్దిచెప్పబోయాడు గానీ, అమ్మమ్మ ముందుకొచ్చింది.

“ఆయన చేసిన అప్పులు తీర్చేసరికి నా కాసులపేరు కరిగిపోయింది. పైకెళ్ళాక కూడా అప్పేనా! ఆ ఓడేదో తిరిగిచ్చెయ్యమను.”