రిట్టెన్‌హౌస్ రైతూ కాదు, అమిషూ కాదు

వాట్సాప్ గ్రూపుల్లో ఓ ఫార్వర్డ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "విలియం రిట్టెన్‌హౌస్ అమెరికాలో తొలి మెనొనైట్ బిషప్. యూరప్‌లో తమవాళ్లను కాల్చి చంపుతుంటే ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చిన పేద రైతు. యంత్రాలు ముట్టని అమిష్ మనిషి. బానిసత్వాన్ని ఖండించిన తొలి పిటిషన్‌పై సంతకం చేశాడు. ఆయన వారసులే మన పాలమూరు వచ్చి చర్చిలు కట్టారు." చివర్లో మూడు దండాల ఎమోజీలు. (మెనొనైట్లంటే పెద్దయ్యాకే బాప్తిస్మం ఇచ్చే, యుద్ధాలకు దూరంగా ఉండే ఓ క్రైస్తవ శాఖ. అమిష్ వాళ్లు అందులోంచి చీలినవాళ్లు, ఆధునిక యంత్రాలకు దూరంగా బతుకుతారని పేరు.)

దండాలు పెట్టదగిన మనిషే, కాదనను. అయితే ఇందులో ఉన్నది ఆయన కాదు.

ముందు "పారిపోయి వచ్చాడు" అన్న మాట చూద్దాం. ఆయన 1644లో జర్మనీలో, రూర్ నది పక్కనున్న ముల్‌హైమ్‌లో పుట్టాడు. 1678లో ఆమ్‌స్టర్‌డామ్ పౌరసత్వం తీసుకున్నాడు. వృత్తి కాగితం తయారీ. అప్పటికి డచ్ గడ్డ మీద మెనొనైట్లను చంపడం ఆగిపోయి వందేళ్లయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్లలో డబ్బున్న వర్తకులు బోలెడుమంది. చిత్రహింసలు జరగలేదని కాదు, ఆ కథ స్విట్జర్లాండ్ మెనొనైట్లది. జూరిచ్‌లో హన్స్ లాండిస్ తల నరికింది 1614లో. బెర్న్ ప్రభుత్వం 1671లో వందల మందిని వెళ్లగొట్టింది. ఆ స్విస్ మూలాలున్న హన్స్ హెర్ లాంటివాళ్లు 1710లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతానికి చేరారు. ఫార్వర్డ్ రాసినాయన ఆ కుటుంబాల బాధను తెచ్చి ఈయన మెడలో వేశాడు.

ఇక "పేద రైతు". ఈ మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. 1688 ప్రాంతంలో ఆయన దిగిన జర్మన్‌టౌన్ (ఇప్పుడు ఫిలడెల్ఫియాలో భాగం) నారబట్ట నేసే ఊరు. ఆ ఊరి అధికార ముద్ర మీద ఉన్నవి ద్రాక్షతీగ, అవిసె మొక్క, నేతగాడి కండె. రిట్టెన్‌హౌస్ అక్కడ నాగలి పట్టలేదు. 1690లో విస్సాహికన్ అనే ఏటిలో కలిసే మోనోషోన్ అనే చిన్న వాగు పక్కన కాగితం మిల్లు పెట్టాడు. అమెరికాలోని ఇంగ్లీషు వలసల్లో అదే మొదటిది. ఒంటరిగానూ కాదు, భాగస్వాములతో పెట్టాడు. వాళ్లలో విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే ప్రింటర్ ఒకడు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖ అంతర్గత తగాదాలో ఒక పక్షం కరపత్రం అచ్చేసి 1692లో జైలుకెళ్లినవాడు! ఆ తర్వాత న్యూయార్క్ మకాం మార్చాడు. 1697లో తన నాలుగో వంతు వాటాను రిట్టెన్‌హౌస్‌కీ, కొడుకు క్లాస్‌కీ పదేళ్లు లీజుకిచ్చాడు. అద్దె డబ్బు కాదు, కాగితమే: ఏడాదికి అచ్చుకాగితం 7 రీములు, మంచి రాతకాగితం 2, నీలికాగితం 2. లోకాన్ని వదిలేసిన మనిషి కుదుర్చుకునే బేరమేనా ఇది?

ఆ మిల్లు పని ఎలా ఉండేదో కూడా చెప్పాలి. చిరిగిన నారబట్టల పేలికలు ఏరి, నీటిలో నానబెట్టి కుళ్లనిచ్చేవాళ్లు. నీటిచక్రం తిప్పే బరువైన రోకళ్లు వాటిని దంచి గుజ్జు చేసేవి. ఆ గుజ్జు తొట్టిలో తీగల జల్లెడ ముంచి పైకెత్తి అటూ ఇటూ ఊపితే నీళ్లు కారిపోయి పల్చటి పొర మిగిలేది. దాన్ని ఉన్నిగుడ్డ మీదకి బోర్లించి, దొంతర పేర్చి, ప్రెస్‌లో పిండి, అటక మీద తాళ్లకు ఆరేసేవాళ్లు. జల్లెడకు కుట్టిన తీగ గుర్తు కాగితంలో ఉండిపోయేది. వెలుతురుకు ఎత్తి చూస్తే ఒక సగంలో ఆయన పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరాలు, రెండో సగంలో మూడాకుల క్లోవర్, కింద పెన్సిల్వేనియా పేరు. 1700 ప్రాంతంలో వచ్చిన వరద మిల్లును ఊడ్చుకుపోయింది. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు దగ్గరపడ్డాయి. అయినా మళ్లీ కట్టాడు, ఈసారి రాతితో.

"యంత్రాలు ముట్టని అమిష్" అన్నదానికి పై పేరా చాలు. ఇంకా కావాలంటే తేదీలు చూడండి. యాకోబ్ అమ్మన్ వర్గం చీలి అమిష్ అయింది 1693లో, అదీ యూరప్‌లో. ఆ శాఖ పుట్టేనాటికే అమెరికాలో ఈయన నీటిచక్రం తిరుగుతోంది.

"తొలి బిషప్" మాటలో సగం నిజముంది. 1698లో జర్మన్‌టౌన్ మెనొనైట్లు ఆయన్ను తమ బోధకుడిగా ఎన్నుకున్నారు. కానీ వాళ్ల పద్ధతిలో బాప్తిస్మం ఇవ్వడానికీ, ప్రభురాత్రి భోజనం జరపడానికీ ఎల్డర్, అంటే బిషప్ హోదా ఉండాలి. ఆ సంఘంలో మొదటి బాప్తిస్మాలు 1708 మే నెలలో జరిగాయి. ఇచ్చింది యాకోబ్ గోట్‌షాక్. రిట్టెన్‌హౌస్ ఆ ఫిబ్రవరిలోనే కన్నుమూశాడు.

సంతకం సంగతి. 1688 ఏప్రిల్ నాటి ఆ పత్రం మీద ఉన్నవి నాలుగే పేర్లు: గారెట్ హెండరిక్స్, డెరిక్ ఆప్ డెన్ గ్రాఫ్, ఫ్రాన్సిస్ డేనియల్ పాస్టోరియస్, అబ్రహాం ఆప్ డెన్ గ్రాఫ్. రిట్టెన్‌హౌస్ పేరు లేదు. నలుగురూ క్వేకర్ల కూటానికి వెళ్లేవాళ్లే. ఆ పత్రం రాసిందీ క్వేకర్లకే. మనుషుల్ని దొంగిలించేవాడికీ, కొనేవాడికీ తేడా ఏమిటని నిలదీశారు. క్వేకర్ పెద్దలు దాన్ని ఒక కూటం నుంచి మరో కూటానికి తోసి, చివరికి పక్కన పెట్టేశారు. ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో ఊహించొచ్చు: ఆప్ డెన్ గ్రాఫ్ సోదరుల తాత హెర్మన్ క్రెఫెల్డ్ ఊళ్లో పేరున్న మెనొనైట్. మనవలు క్వేకర్లయ్యారు.

పాలమూరు ముక్క మరీ అన్యాయం. మన ఎం.బి. చర్చి, అంటే మెనొనైట్ బ్రెదరెన్, 1860లో అప్పటి రష్యా దక్షిణ భాగంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో మొదలైన శాఖ. అక్కడి నుంచి అబ్రహాం ఫ్రీసెన్ 1889లో వచ్చి నల్గొండలో పనిచేశాడు. 1899 నుంచి వచ్చిన అమెరికా మిషనరీలు కూడా 1870లలో రష్యా నుంచి కాన్సస్, నెబ్రాస్కా వైపు వెళ్లిన కుటుంబాలవాళ్లే. జర్మన్‌టౌన్ కాగితం మిల్లుకీ వీళ్లకీ చుట్టరికం లేదు.

అన్నట్టు, ఫార్వర్డ్‌తో పాటు పెట్టిన ఫొటో ఫిలడెల్ఫియాలోని రిట్టెన్‌హౌస్ స్క్వేర్‌ది. దానికి ఆ పేరొచ్చింది విలియం వల్ల కాదు, మునిమనవడు డేవిడ్ వల్ల. ఖగోళ శాస్త్రవేత్త, అమెరికా నాణేల ముద్రణాలయానికి మొదటి డైరెక్టర్. 1732లో పుట్టింది మాత్రం ఆ మిల్లు పక్కనే, 1707లో కట్టిన రాతి ఇంట్లో. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఫిలడెల్ఫియాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఓ ఆదివారం అటు వెళ్తే దాని ఫొటో తీసి గ్రూపులో పెట్టండి.