చప్పట్లు కొట్టించుకోవడం వేరు, నవ్వించడం వేరు

వారం నుంచి మా గ్రూపులో ఒకటే పంచాయితీ. ప్రపంచంలోనే గొప్ప స్టాండప్ కమెడియన్ ఎవరు? తిరుపతి బాలాజీ కాలనీలో టీ తాగుతుంటే మొదలైంది, వాట్సాప్‌లో ముదిరింది.

ముందు ఒకడు బ్రహ్మానందం అన్నాడు. నాయనా, ఆయనంటే నాకూ భక్తే. ముఖం కనబడితే చాలు, నవ్వొస్తుంది. కానీ అది సినిమా. రాసేవాడు వేరు, తీసేవాడు వేరు, సరిగ్గా రాకపోతే ఇంకో టేకు ఉంటుంది. జబర్దస్త్ అంటారా, అది స్కిట్టు, పక్కన నలుగురుంటారు. స్టాండప్ అంటే ఒక్క మనిషి, ఒక మైకు, తను కూర్చుకున్న మాట. జోకు పేలకపోతే పోయే పరువు కూడా ఆ ఒక్కడిదే.

అలా వడపోస్తే చివరికి ఇద్దరు మిగిలారు. రిచర్డ్ ప్రయర్, జార్జ్ కార్లిన్, ఇద్దరూ అమెరికా వాళ్లే. అక్కడి కామెడీ సెంట్రల్ టీవీ ఛానెల్ 2004లో వేసిన గొప్ప కమెడియన్ల లిస్టులోనూ, రోలింగ్ స్టోన్ పత్రిక 2017లో వేసిన లిస్టులోనూ ప్రయర్ ఒకటి, కార్లిన్ రెండు. మా గ్రూపులో కుర్రాళ్లంతా మాత్రం కార్లిన్ పార్టీ. కారణం పెద్దదేం కాదు, ఆయన స్టేటస్‌కి బాగా పనికొస్తాడు. దేవుడు, డబ్బు, రాజకీయం, దేని మీద కావాలన్నా చిన్న క్లిప్పు దొరుకుతుంది. ఆయన అననివి కూడా ఆయన పేరు మీద తిరుగుతాయి. మన కాలం ఎంత చెడిపోయిందో చెప్పే నీతి ఫార్వర్డ్ ఒకటి ఏళ్ల తరబడి ఆయన పేరుతో చక్కర్లు కొడితే, అది నాది కాదు మహాప్రభో అని ఆయనే తన వెబ్‌సైట్‌లో రాసుకోవాల్సి వచ్చింది.

బూతులు మాట్లాడతాడని కార్లిన్‌ను కొట్టిపారేసే పెద్దమనుషులతో నాకు పొత్తు లేదు. టీవీలో అనకూడని ఏడు మాటల మీద ఐటమ్ చేసినందుకు 1972లో మిల్వాకీలో ఆయన్ని అరెస్టు చేశారు. అలాంటిదే రేడియోలో వస్తే కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 1978లో 5-4 తేడాతో రేడియో వాళ్లు ఓడిపోయారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బండ వేషం కట్టినవాళ్లు నడిరోడ్డు మీద బూతులు తిడుతుంటే, అది మొక్కు అని సర్దుకుపోయే ఊరు మనది. ఏడు మాటలకే మనం చెవులు మూసుకుంటే అమ్మవారు కూడా నవ్వుతుంది.

నా పేచీ వేరే. 1977 నుంచి 2008 దాకా హెచ్‌బీఓ టీవీలో కార్లిన్‌వి 14 షోలు వచ్చాయి. తొంభైల తర్వాతవి వరసగా చూడండి. మాట పదునుకు వంక పెట్టలేం. కానీ పోనుపోను హాల్లో నవ్వులు తగ్గి చప్పట్లు పెరుగుతాయి. చప్పట్లంటే "నేనూ అదే అనుకుంటున్నా" అని ఓటేయడం. ఎన్నికల మీటింగులో కూడా కొడతారు. నవ్వు అలా కాదు, చెప్పేవాడి అభిప్రాయం మనకు గిట్టకపోయినా తన్నుకొస్తుంది.

ప్రయర్ 1979 షోలో గుండెపోటు ఐటమ్ ఉంది. పిడికిలి ఛాతీకి ఆనించి మెలితిప్పుతూ నేల మీదికి ఒరిగిపోతాడు. గుండె ఆయనతో మాట్లాడుతుంది. చావంటే ఇప్పుడు భయమేసిందా, అంత పంది మాంసం లాగించేటప్పుడు ఏమైంది నీ భయం అని దబాయిస్తుంది. గుండే ఆయనే, రోగీ ఆయనే. సందేశం లేదు, చప్పట్లకు సందు లేదు, నేనైతే కడుపు పట్టుకున్నాను. 1980లో డ్రగ్స్ మత్తులో ఒళ్లు కాల్చుకుని చావు తప్పి బయటపడ్డాడు. 1982 షోలో అగ్గిపుల్ల వెలిగించి గాల్లో అలా జరిపి, ఇది రోడ్డు మీద పరిగెత్తే రిచర్డ్ ప్రయర్ అన్నాడు. జనం తన మీద వేసుకుంటున్న జోకును తనే లాక్కుని చెప్పాడు. ఇంతకన్నా ధైర్యం ఏముంటుందప్పా?

ఈ కొలత నాకు అమెరికా నుంచి రాలేదు. మన చిత్తూరు పల్లెల్లో భారతం ఉత్సవాలు జరిగేటప్పుడు మధ్యాహ్నం హరికథ ఉంటుంది కదా. టికెట్టు లేదు. ఎండ మండిపోతుంటుంది, పందిట్లో ముసలోళ్లు కునికిపాట్లు పడుతుంటారు, పిల్లలు ఐసుకు డబ్బులడుగుతుంటారు. నచ్చకపోతే తువ్వాలు దులుపుకుని లేచిపోతారు, మొహమాటం ఉండదు. మా ఊళ్లో ఒకసారి హరికథ చెప్పే దాసుగారు ద్రౌపది స్వయంవరం చెబుతూ సగంలో ఆగి, ముందు వరసలో ఫోన్లో అరుస్తున్న పెద్దాయన వైపు తిరిగి, "ఏమప్పా, అవతల ద్రుపదుడేనా? భోజనాలకు మనల్ని కూడా పిలవమను" అన్నాడు. నిద్రపోతున్నోళ్లు కూడా లేచి నవ్వారు. ఇప్పుడు దీన్నే క్రౌడ్ వర్క్ అని రీల్స్ చేస్తున్నారు. వెనకాల మృదంగం, హార్మోనియం ఉన్నాయి కాబట్టి అది స్టాండప్ కాదంటారా, అనుకోండి. దాసుగారిని ప్రయర్ పక్కన కూర్చోబెట్టమని నేనూ అనడం లేదు. టికెట్టు కొని వచ్చినవాడు ముందే సగం నవ్వడానికి ఒప్పుకుని వస్తాడు, లేచిపోగలిగినవాణ్ని నవ్వించడం కష్టం అంటున్నా.

కాబట్టి నా లెక్కలో ప్రయర్ మొదటివాడు. రెండు డేవ్ షపెల్, అది కూడా 2000లో 'కిల్లిన్ దెమ్ సాఫ్ట్‌లీ' షో చేసిన షపెల్. 2021 'ది క్లోజర్' నాటికి ఆయనా వాదనల్లోకి దిగిపోయాడు. మూడు జోన్ రివర్స్, మా గ్రూపులో ఒక్కడూ ఎత్తని పేరు. 2014లో 81 ఏళ్లకు పోయేదాకా స్టేజీ దిగలేదు, తన మీద తను వేసుకున్నన్ని జోకులు ఎవరూ వేసుకోలేదు. కార్లిన్ నాలుగు.

కార్లిన్ పార్టీ వాళ్లు తిట్టదలుచుకుంటే తిట్టండి, కాకపోతే ముందు ఆ 1979 షో మొదటి నుంచి చివరి దాకా చూసి రండి. క్లిప్పులు పంపితే మాత్రం నేను తెరవను.