సవరణ: సెక్స్, జెండర్ ఒకటి కావు

సెక్స్, జెండర్ రెండూ ఒకటే, రెండింటికీ తెలుగులో 'లింగం' అంటే చాలని మొన్న రాశాను. అది తప్పు. సెక్స్ శరీరానికి సంబంధించింది, అంటే క్రోమోజోములు, హార్మోన్లు, అవయవాలు. జెండర్ అంటే ఆడవాళ్లు ఇలా ఉండాలి, మగవాళ్లు ఇలా ఉండాలి అని సమాజం పెట్టిన తీరు, అందులో మనిషి తనను తాను ఎవరనుకుంటారో అది కూడా. మా విజయనగరం వైపు దుక్కి మగవాళ్లది, వరి ఉభాలు (నాట్లు) ఆడవాళ్లవి అంటాం కదా, ఆ పంపకం ఏ క్రోమోజోములోనూ లేదు, మనం పెట్టుకున్నదే.

2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించి, తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అంది. రెండూ ఒకటే అన్న నా మాట ఆ హక్కునే కాదన్నట్టయింది, బాధపడ్డవాళ్లందరికీ క్షమాపణలు.