పాత వెలుగులకు కొత్త బిల్లు

2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగివచ్చిందని కేంద్ర గణాంక శాఖ ప్రకటించింది గానీ, ఆ శుభవార్త ఆంధ్రప్రదేశ్‌లోని కరెంటు బిల్లుల దాకా చేరినట్టు లేదు. ఇందులో ధరల సూచీ తప్పేమీ లేదు. 2012 ప్రాతిపదికన దానికోసం అల్లిన అప్పటి సరుకుల బుట్టలో తిండీ పానీయాలకు నూటికి 45.86 పాళ్లు, ఇంధనానికీ దీపాలకూ కలిపి 6.84 పాళ్లు ఇచ్చారు కాబట్టి, కూరగాయలు చవకైతే చాలు, మీటరు గిర్రున తిరిగినా సూచీకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. గుర్రబ్బండి కిరాయికి సైతం చోటిచ్చిన విశాల హృదయం ఆ బుట్టది.

మన కరెంటు బిల్లును ఉత్త బిల్లుగా చదవడం దానికి అవమానం, ఎందుకంటే అది చరిత్ర గ్రంథం. 2022 వేసవిలో బొగ్గు కరువై, కరెంటు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 12 రూపాయలు దాటకూడదని కేంద్ర విద్యుత్తు నియంత్రణ మండలి కళ్లెం వేయవలసి వచ్చింది. ఆ ఆర్థిక సంవత్సరంలో డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, కొన్న కరెంటు తాలూకు ఆరు వేల కోట్ల పైచిలుకు లోటును, ఇంధన సర్దుబాటు పేరిట 2024 డిసెంబరు నుంచి వాయిదాల్లో వసూలు చేయడం మొదలుపెట్టారు. అప్పట్లో ఏదో ఒక అద్దె ఇంట్లో ఫ్యాను కింద పడుకున్న పెద్దమనిషి ఈపాటికి ఏ బెంగళూరుకో మకాం మార్చి ఉంటాడు. అయినా సర్దుబాటు మనిషిని కాక సర్వీసు నంబరును పట్టుకుంటుంది గనుక, ఆ తర్వాత అదే ఇంట్లో అద్దెకు దిగినవాడు ఎవరో పీల్చిన గాలికి తాను డబ్బు కట్టాల్సి వచ్చింది. కర్మ సిద్ధాంతాన్ని ఇంత పకడ్బందీగా, బార్‌కోడుతో సహా అమలు చేసిన శాఖ మరొకటి లేదు.

ఇంతటి విధానాన్ని విద్యుత్తుకే పరిమితం చేయడం అన్యాయమని నా అభిప్రాయం. 2023 జులైలో టమాటా ధర మండిపోయినప్పుడు జాలిపడి నాలుగు రూపాయలు తగ్గించి ఇచ్చిన కూరగాయల అమ్మి ఈరోజు తలుపు తట్టి, "అమ్మగారూ, అప్పట్లో ఈ ఇంట్లో ఎవరో చారు కాచుకున్నారు, ఆ తేడా పద్దెనిమిది నెలలు కట్టండి" అంటే మనం ఎందుకు కాదనాలి?

ఇలాంటి సువ్యవస్థకు దాపురించిన ముప్పు సూర్యుడు. ఆయనకు బొగ్గు ధరతో పని లేదు, పాత బాకీలు అడగడం చేతకాదు. రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో 2017లోనే సౌర విద్యుత్తు యూనిట్ 2.44 రూపాయలకు పడిపోయింది. డాబా మీద పలకలు పెట్టించుకున్నవాడు ఖర్చంతా మొదటిరోజే చెల్లించేస్తాడు, రెండేళ్ల తర్వాత ఉలిక్కిపడే భాగ్యం కోల్పోతాడు. చీకటి పడ్డాక అతనికీ డిస్కం తీగే దిక్కు కావడం ఒక్కటే వ్యవస్థకు మిగిలిన ఊరట.

పైగా సూర్యుడు మొహం చూసి బొట్టు పెట్టడు. ఆ లోటును, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెంచే మన బిల్లు శ్లాబులు తీరుస్తున్నాయి. నెలకు 350 యూనిట్లు కాల్చే ఏసీ ఇంటికి 1.90తో మొదలై 8.75 దాకా ఎక్కే రేట్ల మీద కరెంటు ఖరీదే సుమారు 2,110 రూపాయలు. మూడు కిలోవాట్ల పలకలు ఆ అవసరాన్ని దాదాపు తీర్చేస్తాయి, పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రాయితీ అందుతుంది, పెట్టిన డబ్బు నాలుగైదేళ్లలో తిరిగి వస్తుంది. ఏ ఉచిత పథకంలోనూ పేరు లేక 75 యూనిట్లతో నెట్టుకొచ్చే ఇంటికి ఇదే లెక్క వేస్తే కరెంటు ఖరీదు 192 రూపాయలు. ఒక కిలోవాట్ పలకకు రాయితీ పోను చేతి నుంచి నలభై వేలు పెడితే, అవి తిరిగి రావడానికి ఏ పదిహేడేళ్లో పడుతుంది. ఆ ఇంటి యజమానికి సూర్యుడి కన్నా డిస్కమే చవక, అంతవరకు ఆయన అదృష్టవంతుడు.

చిక్కల్లా ఒకటే. ఆ చవక బేరానికి ఇన్నాళ్లూ ఊతమిచ్చింది ఎనిమిది ముప్పావు కట్టిన ఏసీ ఇళ్లే. అవి ఒక్కొక్కటిగా డాబా ఎక్కితే ఏర్పడే లోటును ఎవరి నుంచి రాబట్టాలన్నది అధికారులకు పెద్ద సమస్య కాబోదు. కొత్త పద్ధతి కనిపెట్టే శ్రమ కూడా లేదు. తీగను వదిలి ఎక్కడికీ పోలేనివాడి సర్వీసు నంబరు వారి దగ్గర భద్రంగానే ఉంది.