కాక్‌పిట్ తలుపు తెరుచుకునే ఆ అర నిమిషం

కడప విమానాశ్రయంలో ఏటీఆర్ విమానం ఎక్కినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. మెట్లు తోక వైపు ఉంటాయి, టాయిలెట్ కూడా వెనకే. ముందు వరుస సీట్లకు అవతల సామాను పెట్టే అర, దానికీ అవతల పైలట్లు. ప్రయాణికుడికి అటు వెళ్ళవలసిన పనే పడదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో పెద్ద విమానంలోకి మారితే ఈ అమరిక తారుమారవుతుంది. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 రకాల విమానాల్లో ముందు టాయిలెట్ కాక్‌పిట్ తలుపుకు దాదాపు ఆనుకునే ఉంటుంది. రెండింటి మధ్య ఒకరిద్దరు నిలబడేంత చోటు. కాక్‌పిట్ భద్రతలో ఇంకా తీరని సమస్య ఏదైనా ఉందంటే అది ఆ కాస్త చోటులోనే ఉంది.

ఒకప్పుడు ఈ తలుపు కేవలం మర్యాద కోసం ఉండేది. పిల్లలను లోపలికి తీసుకువెళ్ళి మీటలు, గడియారాలు చూపించేవారు. ఆ రోజుల్లో విమానాన్ని స్వాధీనం చేసుకోవడానికి పెద్ద ఆయుధాలు కూడా అక్కర్లేదు. 1978 డిసెంబరులో లక్నో నుంచి ఢిల్లీ వెళుతున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని ఇద్దరు యువకులు బొమ్మ తుపాకితో వారణాసికి మళ్ళించారు. ఇందిరా గాంధీని జైలు నుంచి విడుదల చేయాలన్నది వారి డిమాండ్. తర్వాత ఆ ఇద్దరూ శాసనసభ్యులు కూడా అయ్యారు. ఆ ఘటనను మన వ్యవస్థ ఎంత తేలిగ్గా తీసుకుందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

1999లో రెండు దెబ్బలు తగిలాయి. జూలై 23న టోక్యో నుంచి బయలుదేరిన ఆల్ నిప్పన్ విమానంలో ఒక వ్యక్తి వంటింటి కత్తితో సిబ్బందిని బెదిరించి కాక్‌పిట్‌లో చొరబడి, కెప్టెన్‌ను పొడిచి చంపాడు. మిగిలినవారు అతన్ని అదిమి పట్టుకోబట్టి 500 మందికి పైగా బతికి బయటపడ్డారు. డిసెంబరు 24న కాఠ్మాండూ నుంచి ఢిల్లీ రావలసిన ఐసీ 814 కాందహార్ చేరింది. కొత్తగా పెళ్ళయిన ఒక యువకుడిని హైజాకర్లు పొట్టనపెట్టుకున్నారు. ముగ్గురు ఉగ్రవాదులను విడిచిపెడితే గాని మిగిలినవారు ఇల్లు చేరలేదు. ఇన్ని జరిగినా ప్రపంచం తలుపు గురించి గట్టిగా ఆలోచించలేదు. 2001 సెప్టెంబరు 11న నాలుగు విమానాలు ఒకే ఉదయం దుండగుల చేతికి చిక్కాకే ఆలోచించింది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం 2003 నవంబరు 1 నుంచి 60 మందికి మించి సీట్లున్న ప్రయాణికుల విమానాలకు తుపాకి గుళ్ళనూ గ్రెనేడ్ ముక్కలనూ తట్టుకునే తలుపు తప్పనిసరి. సుమారు 78 సీట్లుండే మన ఏటీఆర్ 72 కూడా ఆ లెక్కలోకే వస్తుంది. తలుపు గట్టిపడింది. ఆ మేరకు మనం నిశ్చింతగా ఉండవచ్చు.

అయితే ఆ గట్టిదనానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో 2015 మార్చి 24న తెలిసింది. బార్సిలోనా నుంచి డ్యుసెల్‌డార్ఫ్ వెళుతున్న జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ బయటకు రాగానే కో-పైలట్ లోపల గడియ వేసుకున్నాడు. పైలట్లు స్పృహ తప్పితే సిబ్బంది లోపలికి వెళ్ళడానికి బయట ఒక అత్యవసర కోడ్ ఉంటుంది. ఎవరైనా సిబ్బందిని బెదిరించి ఆ కోడ్ రాబడితే ఎలా అన్న భయంతో, దాన్ని కాదనే స్విచ్ లోపల పెట్టారు. ఆ స్విచ్ చేతిలో ఉన్నవాడే ఘాతకుడైతే పరిస్థితి ఏమిటో ఊహించినవారు తక్కువ. తలుపును బద్దలు కొట్టడానికి జరిగిన ప్రయత్నం శబ్దాలు రికార్డర్‌లో ఉన్నాయి. కెప్టెన్ బయటకు వచ్చిన 11 నిమిషాల లోపే విమానం ఆల్ప్స్ కొండలను ఢీకొంది. 150 మంది చనిపోయారు. దానికి 16 నెలల ముందు మొజాంబిక్ విమానంలోనూ ఇలాగే కో-పైలట్ బయట ఉండగా కెప్టెన్ తలుపు బిగించుకున్నాడు. అక్కడ 33 మంది పోయారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని చేతులు ముడుచుకు కూర్చోలేం కదా. పైలట్ బయటకు వస్తే క్యాబిన్ సిబ్బందిలో ఒకరు లోపలికి వెళ్ళి కూర్చునే పద్ధతి అందుకే. ఐరోపాలో దీన్ని 2015లో సిఫారసు చేసి, తర్వాత సడలించారు. ఆ సడలింపు తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. కానీ ఈ పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. పైలట్ బయటకు వచ్చినప్పుడు ఒకసారి, తిరిగి వెళ్ళినప్పుడు ఒకసారి తలుపు తీయాలి. ఆ అర నిమిషంలో ఎంత గట్టి తలుపైనా లేనట్టే. చాలాచోట్ల సిబ్బంది భోజనాల బండిని అడ్డం పెట్టి, దాని వెనక నిలబడతారు. వందల ప్రాణాలకు కాపలాగా చక్రాల బండి ఒకటి, ఒక అమ్మాయి ధైర్యం ఒకటి.

జమ్మలమడుగు దగ్గర గండికోటకు వెళ్ళినవారు ముఖద్వారం దగ్గర ఒక్క క్షణం ఆగి చూడాలి. దారి తిన్నగా కోటలోకి పోదు, ఎత్తైన గోడల మధ్య మలుపు తిరుగుతుంది. మొదటి తలుపు దాటినవాడు ఇంకా కోటలో లేడు, ఇరుకులో ఉన్నాడు. పైన ఉన్నవారికి కావలసిన వ్యవధి ఆ మలుపులోనే దొరుకుతుంది. ఇప్పుడు విమానాలకు కావలసింది సరిగ్గా ఇదే: కాక్‌పిట్ తలుపు తీసే ముందు అడ్డంగా లాగి బిగించే రెండో అడ్డు. అమెరికా 2018లో దీనికి చట్టం చేసింది, 2023లో నిబంధన ఖరారు చేసింది. తలుపు తీసి మళ్ళీ మూయడానికి పట్టేంత సేపు, ఎంత తక్కువన్నా 5 సెకన్లు, చొరబడేవాడిని ఆ అడ్డు ఆపగలగాలి. 2001 సెప్టెంబరు 11న దుండగుల చేతికి చిక్కిన విమానాల్లో ఒకదాని కెప్టెన్ భార్య దీనికోసం ఏళ్ళ తరబడి పోరాడారు. అయినా కొత్త విమానాలకు పెట్టిన 2025 ఆగస్టు గడువు కూడా విమాన సంస్థల కోరికపై వెనక్కి జరిగింది.

మన ప్రాంతం నుంచి ఈ విషయాన్ని చూస్తే ఇంకో మనిషి కనిపిస్తాడు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఏటా ఎందరో కువైట్ వెళతారు. చాలామందికి అదే తొలి విమాన ప్రయాణం. బోర్డులు ఇంగ్లీషులో, ప్రకటనలు ఇంగ్లీషు, హిందీల్లో. టాయిలెట్ తలుపు ఏదో, పైలట్ల తలుపు ఏదో ఎవరూ చెప్పరు. 2025 సెప్టెంబరులో బెంగళూరు నుంచి వారణాసి వెళుతున్న విమానంలో ఒక ప్రయాణికుడు కాక్‌పిట్ తలుపు దాకా వెళితే పెద్ద కలకలం రేగింది. టాయిలెట్ వెతుక్కుంటూ వెళ్ళాడని విమాన సంస్థే చెప్పింది. దిగాక విచారణ తప్పలేదు. రెండు పూటలు బస్సులో కూర్చుని వచ్చి, భయంభయంగా విమానమెక్కిన మన అక్కకో చెల్లికో ఆ స్థితి రాకూడదు. దుండగుడిని ఆపే అడ్డే దారి తప్పినవారిని కూడా మర్యాదగా ఆపుతుంది. తలుపు మీద తెలుగులో ఒక మాట రాసినా సగం గొడవ తీరుతుంది.

లోపలివారే నియమం తప్పితే మాత్రం ఏ అడ్డూ పనికిరాదు. 2023 ఫిబ్రవరిలో దుబాయి నుంచి ఢిల్లీ వస్తున్న విమానంలో పైలట్ తన పరిచయస్తురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చాడు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ విమాన సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా వేసి, పైలట్ లైసెన్సును మూడు నెలలు నిలిపివేసింది. చర్య తీసుకోవడం మంచిదే. ఆ మూడు నెలలు చాలా తక్కువ శిక్ష.

మన సంస్థలు 2023లోనే ఎయిర్‌బస్, బోయింగ్‌లకు భారీ ఆర్డర్లు ఇచ్చాయి. ఎయిరిండియా 470, ఇండిగో 500. అవి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఎగురుతున్న విమానాన్ని ఆపి అడ్డు బిగించడం ఖర్చుతో కూడిన పని, కర్మాగారంలో ఉండగానే బిగించమనడం తేలిక. అమెరికా సంస్థల కోసం ఆ కంపెనీలు ఎలాగూ దీన్ని తయారుచేయక తప్పదు. ఇక్కడికి రావలసిన విమానాలకూ అదే కావాలని డీజీసీఏ ఇప్పుడే, డెలివరీలు పూర్తికాకముందే అడగాలి.