హ్యాండిల్ తిప్పగలిగినవాడే ఇంటికి

ఇంగ్లండ్ పల్లెల్లో రోడ్డు భద్రత ఎప్పుడు చెడిందని అడిగితే తడుముకోకుండా చెబుతాను: తాళం తిప్పగానే కారు స్టార్టవడం మొదలైన రోజున.

అంతకుముందు కట్టుదిట్టం ఎలా ఉండేదో చూడండి. 1865 చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బండి పల్లెదారిలో గంటకు 4 మైళ్లు దాటకూడదు, ఊళ్లో అయితే 2. బండికి 60 గజాల ముందు ఒకడు ఎర్రజెండా పట్టుకుని నడవాలి. మన పెళ్లి ఊరేగింపే నయం. తర్వాత జెండా పోయింది. 1896లో జెండా మనిషీ పోయాడు, వేగం 14 మైళ్లయింది. పతనం అక్కడే మొదలైంది.

పబ్బులు మాత్రం ఇంకొంతకాలం పద్ధతిగానే ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్ల ఫ్యాక్టరీ కార్మికులు తాగి పని చెడగొడుతున్నారని మధ్యాహ్నం పూట వాటిని మూయించారు. యుద్ధం 1918లో ముగిసింది. ఆ కబురు పబ్బులకు 1988లో అందింది.

అలా మధ్యాహ్నం రెండున్నరకు యజమాని గంట కొట్టి "టైమ్, జెంటిల్‌మెన్, ప్లీజ్" అనేవాడు. గ్లాసులు ఖాళీ చేసి అందరూ వానలోకి వచ్చేవారు. బయట మోరిస్ మైనర్ ట్రావెలర్ కారు ఉండేది. దాని వెనక సగానికి చట్రం కలపే, కిటికీ అంచుల్లో పచ్చగా నాచు. చలికి బ్యాటరీ చచ్చేది. ఇక ఇంజన్‌ను చేత్తో తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిలే గతి.

హ్యాండిల్ పట్టుకోవడం ఒక విద్య. బొటనవేలు చుట్టి బిగించకూడదు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి. ఇంజన్ వెనక్కి తన్నిందంటే ఆ వేలు విరిగినట్టే. మూడు పింట్ల బీరు పడ్డాక తన బొటనవేలు ఎక్కడుందో చెప్పగలిగినవాడు ఇంటికి వెళ్లొచ్చు. చెప్పలేనివాడు నడిచి పోవాలి, లేదా మిగతావాళ్లతో కలిసి కారు తోయాలి. (ఆ మోరిస్‌ల వంశంలోనే మన అంబాసిడర్ పుట్టింది కనుక తోయడం గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.)

ఇంత చక్కటి ఏర్పాటును కాదని 1967లో ప్రభుత్వం గొట్టంలోకి ఊదమంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. లెక్క కచ్చితమే, కానీ గొట్టానికి వెనక్కి తన్నే దమ్ముందా?

అయినా అక్కడి ప్రభుత్వం మరీ రాతిగుండెది కాదు. పెద్దగా మార్పులు చేయకుండా 40 ఏళ్లు నిండిన కార్లకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష అక్కర్లేదని 2018లో మినహాయింపు ఇచ్చింది. ట్రావెలర్ కిటికీల్లో నాచు ఇప్పుడు నిశ్చింతగా పెరుగుతుంది.