ఓటు గుట్టుగా ఉంటే ఒక తీర్పు, రట్టయితే ఇంకో తీర్పు

2024 డిసెంబరు 7, శనివారం సాయంత్రం. సియోల్‌లో దక్షిణ కొరియా జాతీయ సభ. అధ్యక్షుడు యూన్ సుక్ యోల్‌పై అభిశంసన తీర్మానం ఓటింగుకు వచ్చింది. అధికారపక్షమైన పీపుల్ పవర్ పార్టీ సభ్యులు అంతకుముందే ఇంకో బిల్లు మీద ఓటేసి, లేచి, బారులు తీరి బయటికి వెళ్లిపోయారు. ఆన్ చోల్ సూ అనే సీనియర్ సభ్యుడు ఒక్కరే తన సీట్లో ఉండిపోయారు. చుట్టూ అన్నీ ఖాళీ కుర్చీలే. కాసేపటికి ఇంకో ఇద్దరు వెనక్కి వచ్చారు. వాళ్లలో ఒకరు చూపులేని పియానో కళాకారిణి కిమ్ యేజీ.

ప్రతిపక్ష సభాపక్ష నాయకుడు పార్క్ చాన్ దే వేదిక మీద నిలబడి, సభలో లేని అధికారపక్ష సభ్యుల పేర్లు ఒక్కొక్కటే చదివారు. బడిలో మాస్టారు హాజరు పిలిచినట్టు. ఆయన ఒక పేరు పలకడం, వెనకున్న ప్రతిపక్ష సభ్యులంతా దాన్ని అందుకుని గట్టిగా పిలవడం. స్పీకర్ వూ వన్ షిక్ రాత్రి తొమ్మిది దాటేదాకా ఓటింగు ముగించకుండా కాచుకుని కూర్చున్నారు. ఇంకెవరూ రాలేదు. 300 మంది సభలో కనీసం 200 ఓట్లు పడాలి. పడినవి 195. లెక్కపెట్టే పనే లేకుండా తీర్మానం వీగిపోయింది.

సరిగ్గా నాలుగు రోజుల ముందు, 3వ తేదీ రాత్రి, యూన్ దేశంలో సైనిక పాలన ప్రకటించినప్పుడు ఇదే సభ సభ్యులు పోలీసుల కళ్లుగప్పి, ప్రహరీ గోడలెక్కి లోపలికి దూకారు. సైనికులు ఒక పక్క కిటికీ అద్దాలు పగలగొడుతుంటే 190 మంది హాజరై, 190 ఓట్లతో ఆ ప్రకటనను కొట్టేశారు. ఆ 190లో అధికారపక్షం వాళ్లు 18 మంది. సైన్యానికి భయపడని ఆ 18 మందిలో చాలామంది నాలుగు రోజులు తిరిగేసరికి సొంత పార్టీకి జంకారు.

కొరియాలో అభిశంసన ఓటు రహస్యం. చీటీ మీద రాసి పెట్టెలో వేయడమే. పార్టీ తన వాళ్లను సభలో కూర్చోనిస్తే ఎవరు గీత దాటారో కనిపెట్టడం కష్టం. అందుకే అందర్నీ బయటికి తీసుకుపోయారు. లోపల మిగిలినవాడు ఎలా ఓటేశాడన్నది తర్వాతి సంగతి, మిగిలాడంటేనే దొరికిపోయినట్టు. రహస్య ఓటును బహిరంగ ఓటుగా మార్చే ఈ ఉపాయం ఒక్క వారమే పనిచేసింది. సభ బయట వీధుల్లో జనం లైట్ స్టిక్కులు పట్టుకుని గడ్డకట్టే చలిలో నిలబడ్డారు. 14వ తేదీ రెండో ఓటింగుకు పార్టీ 'వ్యతిరేకంగా ఓటేయండి' అని చెబుతూనే సభ్యులను హాల్లోకి వెళ్లనిచ్చింది. ఫలితం: అనుకూలం 204, వ్యతిరేకం 85, తటస్థం 3, చెల్లనివి 8. ప్రతిపక్షం బలం 192. అంటే పన్నెండు ఓట్లు అధికారపక్షం నుంచే పడ్డాయి. ముందే బయటపడి చెప్పినవాళ్లు ఏడుగురు. మిగతావాళ్లెవరో వాళ్లకే తెలియాలి. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం 8-0తో యూన్‌ను పదవి నుంచి తీసేసింది.

ఇదంతా చెప్పింది అమెరికా కోసం. అక్కడ అధ్యక్షుడి అభిశంసన మాట లేచినప్పుడల్లా టీవీ చర్చలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: చేసింది అభిశంసించాల్సినంత నేరమా, కాదా? నా ఉద్దేశంలో అసలు తీర్పు అక్కడ తేలదు. సభ్యుడు వేసే ఓటు ఎవరి కంటబడుతుంది, అతనికి మళ్లీ టికెట్ ఎవరు ఇస్తారు, ఈ రెండింటి దగ్గరే తేలుతుంది.

అభిశంసన అంటే పదవి ఊడినట్టే అనుకునేవాళ్లు మనలో చాలామంది. కాదు. ప్రతినిధుల సభలో సాధారణ మెజారిటీతో జరిగేది చార్జిషీటు వేయడం. విచారణ, తీర్పు సెనేట్‌లో. అక్కడ హాజరైనవారిలో మూడింట రెండొంతుల మంది దోషి అంటేనే అధ్యక్షుడు ఇంటికి వెళ్తాడు. రాజద్రోహం, లంచం, 'ఇతర ఘోర నేరాలు, దుష్ప్రవర్తనలు' అని రాజ్యాంగం రాసింది. ఆ చివరి మాటకు అర్థం చెప్పే కోర్టు లేదు. సభ ఏమంటే అదే. దోషమెంత, నిర్దోషమెంత అన్నదానికంటే పార్టీల బలాబలాలే ఈ తీర్పును నడిపించే ప్రమాదం ఉందని 1788లోనే అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన అలెగ్జాండర్ హామిల్టన్ హెచ్చరించాడు.

అభిశంసనకు గురైన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ కథలో నాకు గుర్తుండిపోయేది జేమ్స్ గ్రైమ్స్. అయోవా సెనేటర్, రిపబ్లికన్. 1868 మే 16న ఓటింగు. అంతకు కొద్ది రోజుల ముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. మనుషులు మోసుకుని సభకు తెచ్చారు. తన పార్టీ అంతా తీసేయాలని పట్టుబట్టిన అధ్యక్షుడిని 'నిర్దోషి' అని చెప్పడానికి అంత కష్టపడి వచ్చాడాయన. 54 మందిలో 36 కావాలి, 35 పడ్డాయి. అలా పార్టీని కాదన్న రిపబ్లికన్లు ఏడుగురు. వాళ్లు డబ్బుకు అమ్ముడుపోయారని పుకార్లు వచ్చాయి, విచారణ కూడా నడిచింది. ఆ ఏడుగురిలో ఒక్కరు కూడా మళ్లీ సెనేట్‌కు ఎన్నిక కాలేదు. జాన్సన్ మంచి అధ్యక్షుడని నేననను. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి ప్రజల హక్కులకు అడుగడుగునా అడ్డుపడ్డ మనిషి. కానీ అతని మీద మోపిన ప్రధాన ఆరోపణ యుద్ధ మంత్రిని సెనేట్ ఆమోదం లేకుండా తొలగించాడన్నది. మాటకు నేరం అదైనా, మనసులో కారణం వేరు.

వాటర్‌గేట్ కుంభకోణంలో ఇరుక్కున్న అధ్యక్షుడు నిక్సన్ వ్యవహారాన్ని ఇప్పుడు అందరూ స్వర్ణయుగంలా చెబుతుంటారు, ఆ రోజుల్లో దేశం కోసం పార్టీని పక్కనపెట్టేవాళ్లని. అది సగమే నిజం. 1974 జులై చివర్లో జ్యుడీషియరీ కమిటీలో తొలి అభియోగం 27-11తో నెగ్గినప్పుడు 17 మంది రిపబ్లికన్లలో కలిసొచ్చింది ఆరుగురే. మిగతా పదకొండు మంది నిక్సన్‌తోనే ఉన్నారు. సుప్రీంకోర్టు 8-0తో వైట్‌హౌస్ సంభాషణల టేపులు ఇవ్వమన్న తర్వాత, ఆగస్టు 5న బయటికొచ్చిన సంభాషణలో నిక్సన్ స్వయంగా దర్యాప్తును పక్కదారి పట్టించమంటున్న మాటలు విన్నాకే వాళ్లూ ప్లేటు మార్చారు. రెండు రోజులకు సొంత పార్టీ పెద్దలు బ్యారీ గోల్డ్‌వాటర్, హ్యూ స్కాట్, జాన్ రోడ్స్ వైట్‌హౌస్‌కు వెళ్లి సెనేట్‌లో ఓట్లు లేవని చెప్పారు. ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయారు. అప్పటికి ఆయన్ను మెచ్చుకుంటున్నవాళ్లు గ్యాలప్ సర్వేలో 24 శాతమే. దేశమంతా అవే మూడు టీవీ నెట్‌వర్క్‌ల వార్తలు చూసే కాలం. నియోజకవర్గంలో జనం ఒకవైపు ఒరిగితే సభ్యుడికి అటు ఒరగడమే లాభం. విలువలు ఉన్నాయి, లేవనను. లెక్క కూడా కుదిరింది.

క్లింటన్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1998 నవంబరు ఎన్నికల్లో అభిశంసనకు ఉరుకులాడిన రిపబ్లికన్లు ఐదు సీట్లు పోగొట్టుకున్నారు, స్పీకర్ గింగ్రిచ్ రాజీనామా ప్రకటించారు, అయినా డిసెంబరు 19న అభిశంసించే తీరారు. సెనేట్‌లో మెజారిటీ కూడా దొరకలేదు. ఒక అభియోగానికి 45, ఇంకోదానికి 50 ఓట్లు వచ్చాయి.

ట్రంప్ దగ్గరికి వచ్చేసరికి లెక్క పూర్తిగా మారిపోయింది. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో 2019 జులై 25న జరిగిన ఫోన్ సంభాషణ మీద తొలి అభిశంసన. డిసెంబరు 18న ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నుంచి ఒక్క ఓటూ రాలేదు. ఆ పార్టీలో ముందే అసమ్మతి పలికిన జస్టిన్ అమాష్ అప్పటికే పార్టీ వదిలేసి ఇండిపెండెంట్ అయ్యారు. అటు డెమొక్రాట్లలో అభిశంసనను వ్యతిరేకించిన జెఫ్ వాన్ డ్రూ వెంటనే రిపబ్లికన్ కండువా కప్పుకున్నారు. కండువాలు మార్చడం మనకే ప్రత్యేకం అనుకుంటాం. సెనేట్‌లో మిట్ రామ్నీ ఒక్కరే ఒక అభియోగంపై దోషి అన్నారు. సొంత పార్టీ అధ్యక్షుడిని దోషి అన్న తొలి సెనేటర్ ఆయనే.

2019 సెప్టెంబరులోనే మాజీ రిపబ్లికన్ సెనేటర్ జెఫ్ ఫ్లేక్ ఒక మాట అన్నారు: రహస్య ఓటింగైతే కనీసం 35 మంది రిపబ్లికన్ సెనేటర్లు ట్రంప్‌ను తొలగించడానికి ఓటేస్తారని. నిజంగా 35 మంది ఉన్నారా అన్నది ఎవరూ రుజువు చేయలేరు, గుట్టు స్వభావమే అది. కానీ పదవి వదిలేసిన మనిషి కాబట్టే ఆ మాట అనగలిగారన్నది మాత్రం గమనించాలి.

2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద ట్రంప్ మద్దతుదారుల మూక దాడి చేసింది. ఈసారి సాక్షులను వెతకాల్సిన పని లేదు. ఓటేయాల్సినవాళ్లే బాధితులు, బల్లల కింద దాక్కున్నవాళ్లే న్యాయనిర్ణేతలు. వారం తిరిగేసరికి ప్రతినిధుల సభ 232-197తో అభిశంసించింది. రిపబ్లికన్లు పది మంది కలిశారు. సెనేట్ నాయకుడు మిచ్ మెకానెల్ జనవరి 20 లోపు సభను పిలవడానికి ఒప్పుకోలేదు. పదవీకాలం ముగిశాక, దిగిపోయిన అధ్యక్షుడిని విచారించే అధికారం సెనేట్‌కు లేదంటూ 'నిర్దోషి' అని ఓటేశారు. ఓటేసిన కాసేపటికే లేచి, ఆ దాడికి నైతికంగా, ఆచరణలో ట్రంపే బాధ్యుడని ప్రసంగించారు. మాట ఒకటి, ఓటు ఒకటి. 57 మంది దోషి అన్నారు, 67 కావాలి.

ఆ పది మంది ప్రతినిధులు ఏమయ్యారో చూడండి. నలుగురు 2022లో పోటీయే చేయలేదు. నలుగురు ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచే తొలి విడత పోటీల్లో, ఓడిపోయారు. మాజీ ఉపాధ్యక్షుడి కూతురు లిజ్ చెనీ వ్యోమింగ్‌లో 35 శాతానికి పైగా ఓట్ల తేడాతో మట్టికరిచారు. తిరిగి గెలిచింది ఇద్దరే: కాలిఫోర్నియాలో డేవిడ్ వలడావో, వాషింగ్టన్ రాష్ట్రంలో డాన్ న్యూహౌస్. ఈ రెండు రాష్ట్రాల్లోనూ ప్రైమరీ ఒక పార్టీ సొత్తు కాదు. అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, ఎవరైనా ఎవరికైనా ఓటేయవచ్చు, మొదటి ఇద్దరు చివరి పోటీకి వెళ్తారు. అదే పద్ధతి ఉన్నా వాషింగ్టన్‌లో ఇంకొకరు, జైమీ హెరెరా బ్యూట్లర్, కొద్దిలో మూడో స్థానానికి జారి ఓడారు. కాబట్టి అది రక్షాకవచం కాదు, ఊపిరి పీల్చుకునే సందు మాత్రమే. మిగతా చాలాచోట్ల పార్టీలో అత్యంత కరడుగట్టిన ఓటరే టికెట్ ఇస్తాడు. సభలో అధ్యక్షుడి తప్పొప్పుల మీద ఎంత గొప్ప ఉపన్యాసం విన్నా, సభ్యుడి చెవిలో మోగేది ఆ ఓటరు గొంతే.

డెమొక్రాట్లు దీనికి అతీతులని కాదు. బైడెన్‌పై అభిశంసన విచారణకు 2023 డిసెంబరులో ప్రతినిధుల సభ 221-212తో ఆమోదం తెలిపింది, పార్టీల గీత మీదే అంతా. అది చివరికి అభియోగాల దాకా కూడా రాలేదు. నాలుగేళ్ల ముందు 'ఇది ప్రజాతీర్పును కాలరాయడం' అన్న రిపబ్లికన్లు ఇప్పుడు రాజ్యాంగ బాధ్యత అన్నారు, బాధ్యత అన్న డెమొక్రాట్లు రాజకీయ కక్ష అన్నారు. 2025 జూన్‌లో టెక్సస్ డెమొక్రాట్ అల్ గ్రీన్ ఇరాన్ మీద దాడుల విషయంలో ట్రంప్‌పై అభిశంసన తీర్మానం తెస్తే, దాన్ని 344-79తో పక్కన పడేశారు. అలా పడేసినవాళ్లలో 128 మంది డెమొక్రాట్లే. ట్రంప్ నిర్దోషని వాళ్లు నమ్మారా? నెగ్గని తీర్మానం ఎదుటివాళ్లకే ఆయుధమవుతుందని లెక్కేశారు, అంతే.

మనకు ఈ గుట్టు-రట్టు తేడా కొత్త కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ 'ఆత్మప్రబోధం' ప్రకారం ఓటేయమన్నారు. ఓటు రహస్యం. బరంపురం తెలుగువాడు వి.వి.గిరి రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపుతో గట్టెక్కారు. ఆత్మ ఎంత ప్రబోధించిందో, ఢిల్లీ ఎంత ప్రబోధించిందో పెట్టెకే తెలుసు. అదే బహిరంగమైతే ఏమవుతుందో 1993 మేలో చూశాం. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి.రామస్వామిని తొలగించే తీర్మానం లోక్‌సభకు వచ్చింది. పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉన్న కాంగ్రెస్ విప్ జారీ చేయలేదు, పేరుకు స్వేచ్ఛే. తీర్మానానికి 196 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, కాంగ్రెస్, దాని మిత్రపక్షాల సభ్యులు 205 మంది ఓటేయకుండా కూర్చున్నారు, తీర్మానం వీగిపోయింది. విప్ లేకపోయినా 205 మంది ఆత్మలు ఒకే మాట చెప్పడం విశేషమే.

అలాగని అమెరికా రహస్య ఓటుకు మారితే సరిపోతుందా? నాకు సందేహమే. నా ఓటుతో గెలిచినవాడు నా అధ్యక్షుడిని దింపేస్తూ నాకు చెప్పననడం ఓటరుకు మింగుడుపడదు. డబ్బు చేతులు మారినా కనిపెట్టలేం. పైగా కొరియా పద్ధతి నిలబడింది గుట్టు ఒక్కదానివల్లే కాదు, చివరి తీర్పు సభది కాకుండా కోర్టుది కావడంవల్ల. 2004లో అప్పటి అధ్యక్షుడు రో మూ హ్యున్‌ను ప్రతిపక్షం 193-2తో అభిశంసించినప్పుడు ఓటర్లు నెల దాటగానే ఆయన పార్టీకి 299లో 152 సీట్లిచ్చి బదులు చెప్పారు, కోర్టు ఆయన్ను తిరిగి కుర్చీలో కూర్చోబెట్టింది. అమెరికా సెనేట్ పైన అలాంటి పెద్దదిక్కు లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. హాజరైన సభ్యుల్లో ఐదోవంతు మంది అడిగితే ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో నమోదు చేయాలని అమెరికా రాజ్యాంగమే చెబుతోంది. వందమంది సెనేటర్లూ ఉంటే ఇరవై చేతులు లేస్తే చాలు, గుట్టు రట్టవుతుంది.

కాబట్టి మిగిలింది రెండో తాళం, టికెట్. 2021లో ట్రంప్‌ను దోషి అన్న ఏడుగురు రిపబ్లికన్ సెనేటర్లలో 2022లో ఓటర్ల ముందుకు వెళ్లింది అలాస్కాకు చెందిన లీసా మర్కౌస్కీ ఒక్కరే. ఆమెకు పోటీగా నిలబడ్డ ఇంకో రిపబ్లికన్‌కు ట్రంప్ మద్దతిచ్చారు. కానీ అలాస్కా ప్రజలు 2020లోనే నిబంధన మార్చుకున్నారు: అందరికీ ఒకే ప్రైమరీ, మొదటి నలుగురు చివరి పోటీకి, అక్కడ ప్రాధాన్య ఓట్లు. ఆమె గెలిచారు. ఆ ఏడుగురిలో ఇంకొకరు, లూసియానాకు చెందిన బిల్ కసిడీ, సెనేట్‌కు అన్ని పార్టీలూ ఒకే బ్యాలెట్ మీద ఉండే పద్ధతిలోనే గెలుస్తూ వచ్చారు. 2024 జనవరిలో ఆ రాష్ట్ర శాసనసభ కొన్ని పదవులకు ఆ పద్ధతిని రద్దు చేసి, కసిడీ మళ్లీ ఓటర్ల దగ్గరికి వెళ్లాల్సిన 2026 నుంచి సెనేట్ ఎన్నికకు పార్టీ ప్రైమరీలు పెట్టింది.